నేపాళ దేశపు ఫాస్టు బౌలరు

వరి కోసిన మళ్లలో సాయంకాలమున బ్యాటును బంతిని పట్టుకొని కేకలు వేయు పిల్లలను మీరు చూచియే యుందురు. ఆ కేకలకు విసుగుకొను పెద్దలును గలరు. ఆ యాటతోనే హిమాలయముల నీడనున్న నేపాళము ప్రపంచమున తన పేరు వినిపించుకొనుచున్నది. ఆ పేరు వినిపించినవారిలో నొకడగు సోంపాల్ కామి యను ఫాస్టు బౌలరును గూర్చి నేడు మీకు మనవి చేసెదను.

ముందుగా ఫాస్టు బౌలరు పని యెట్టిదో తెలిసికొందము. 22 గజముల దూరమున బ్యాటు పట్టి నిలిచినవానికి, సుమారు 160 గ్రాముల తోలుబంతిని, పరుగెత్తివచ్చి వేగముగ వేయవలెను. బంతి నడుమనుండు కుట్టు నేలను తాకిన తీరునుబట్టి బంతి యిటో అటో తొలగును. ఆ తొలగుటలోనే విద్యయంతయు నున్నది. ఇందుకు నడుము, మోకాలు, మడమ ప్రతి బంతికిని సుంకము చెల్లించుచుండును. పరుగు తీయుచు మన్ననలు పొందువారికంటె వీరి శ్రమ యెక్కువ, కీర్తి తక్కువ.

సోంపాల్ 1996 ఫిబ్రవరి 2వ తేదీన నేపాళములోని గుల్మీ జిల్లాలో జన్మించెను. బాల్యము మన దేశమందలి పంజాబులో గడచెను. నేపాళీయులు పొట్టకూటికై సరిహద్దు దాటి వచ్చుట తరతరములనుండి యున్నదే. 1950 నాటి సంధి వలన ఈ రాకపోకలకు అడ్డు లేదు. ఇక కామి యనునది నేపాళమున కమ్మరి వృత్తివారి పేరు. రైతునకు కొడవలిని, నాగలి కఱ్ఱును చేసి యిచ్చిన ఆ చేతులనే అక్కడి సంఘము అంటరానివని దూరముంచెను. 1963లో చట్టము ఆ భేదమును రద్దుచేసెను. మనస్సులలో నుండి అది తొలగుట చట్టమంత సులభము గాలేదు. అట్టి పేరు వీపున ధరించి యొకడు దేశము పక్షమున ఆడుట చిన్న విషయము గాదు.

2014 మార్చి 16వ తేదీన, వంగదేశపు చిట్టగాంగులో, హాంగ్‌కాంగుతో జరిగిన ప్రపంచ టీ-20 పందెమున సోంపాల్ మొదటిసారి నేపాళము పక్షమున అంతర్జాతీయ పోటీలో దిగెను. అప్పటికి వయస్సు 18 ఏండ్లు. నేపాళము 80 పరుగులతో గెలిచెను. కాని ఆ సంతోషము నిలువలేదు. 2015లో దేశమునకు అంతర్జాతీయ టీ-20 హోదా పోయెను. 2016లో, ప్రభుత్వము జోక్యము చేసికొన్నదని అంతర్జాతీయ సంఘము నేపాళ క్రికెట్టు సంఘమును సస్పెండు చేసెను; 2019 వఱకు అది తొలగలేదు. జట్టుకు మాత్రము ఆడుటకు అనుమతి యుండెను. తగవు పెద్దలది, నష్టము ఆటగాండ్రది. బౌలరునకు బలమున్న వయస్సు బహు కొద్ది. అందు మూడేండ్లు పోయినచో తిరిగి తెచ్చి యిచ్చువారెవరు?

2018లో దశ మారెను. ఫిబ్రవరిలో నమీబియా దేశమున కెనడాతో జరిగిన పోటీలో చివరి జోడీకి 51 పరుగులు కావలసియుండగా, మఱియొక ఫాస్టు బౌలరు కరణ్ కె.సి. 42 పరుగులు చేసి నిలిచి గెలిపించెను. మార్చిలో పాపువా న్యూగినీని ఓడించుటతో నేపాళమునకు వన్‌డే హోదా లభించెను. ఆగస్టులో హాలండులో ఆడిన మొదటి వన్‌డే పోయినది. 3వ తేదీన రెండవదానిలో నేపాళము 216 పరుగులు చేసెను. అందు బౌలరగు సోంపాల్ బ్యాటుతో చేసినవి 61. హాలండువారు 215 వద్ద, ఆఖరి బంతికి పరుగు తీయబోయి అవుటైరి. ఒక్క పరుగుతో నేపాళమునకు తొలి వన్‌డే విజయము.

2023 సెప్టెంబరు 4వ తేదీన, సింహళములోని పల్లెకెలెలో, భారతజట్టు నెదుర్కొనినపుడు నేపాళము 230 పరుగులు చేసెను. సోంపాల్‌వి 48. ఆనాడు మూడు వికెట్లు తీసిన మన హైదరాబాదు సిరాజు ఆటోరిక్షా నడిపినవాని కుమారుడు. పేదయిండ్ల బిడ్డ లిరువురు ఒకే మైదానమున ఎదురుబొదురుగ నిలిచిరి. గెలుపు మనదే.

2024 జూనులో, పశ్చిమ ఇండీసు ద్వీపములలోని కింగ్స్‌టౌనులో, దక్షిణాఫ్రికా చేసిన 115 పరుగులకు నేపాళము 114 చేసి, ఆఖరి బంతికి రనౌటయి ఓడెను. 2018లో ఏ ఒక్క పరుగు పల్లకి యెక్కించెనో, ఆ ఒక్క పరుగే క్రిందికి దింపెను. సోంపాల్ కృంగిపోలేదు. అదే మైదానమున రెండు దినముల పిమ్మట వంగదేశముపై మొదటి బంతికే వికెట్టు తీసెను. మూడు ఓవర్లలో పది పరుగులిచ్చి రెండు వికెట్లు సంపాదించెను. ఆ పోటీయు నేపాళము ఓడినదే.

గెలుపులు కొన్ని, ఓటములు పెక్కు. ఇదియే యీ జీవితపు లెక్క. ఐనను, ఓడిన మఱునాడే పరుగునకు మొదలుచోట నిలిచి బంతిని తుడుచుకొనువాడే దేశమునకు పని వచ్చును. కాన పెద్దలారా, మీ మడిగట్టున ఆడు పిల్లలలో ఎవని చేతిలో ఏ విద్య యున్నదో, ఎవని పేరు ఏ కులపుదో చూడక, ఒక్కసారి నిలిచి చూడుడు.