“కంప్యూటర్ తీసుకోవడం లేదండీ!”

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును తలచుకుంటూ మనం ఏటా ఈ రోజు కలుసుకుంటున్నాం. ఆ తీర్పు గురించి నాకంటే బాగా చెప్పగలవారు వేదిక మీదనే ఉన్నారు. నేను మనవి చేసేది చిన్న సంగతి. బ్యాంకులోనూ ట్రెజరీలోనూ మనకు తరచు వినబడే మాట ఒకటుంది: “కంప్యూటర్ తీసుకోవడం లేదండీ.” ఆ మాట ఒకప్పుడు నేనూ అన్నాను. అనడం వల్ల ఏం జరిగిందో చెబుతాను. అసలు ఆ తీసుకోకపోవడం ఎక్కడ పుడుతుందో కూడా నాకు తెలిసినంతలో వివరిస్తాను.

పాఠశాలల్లో కంప్యూటర్ పరిచయం కోసం కేంద్ర ప్రభుత్వం 1984లో ‘క్లాస్’ అనే పథకం ప్రారంభించింది. ఆ పథకం కింద ఇంగ్లండులోని ఎకార్న్ కంపెనీ రూపొందించిన బి.బి.సి. మైక్రో కంప్యూటర్లు వచ్చాయి. నేను గుమాస్తాగా ఉన్న హైస్కూలుకూ వచ్చాయి. లోపల 6502 అనే ఎనిమిది బిట్ల ప్రాసెసరు, 32 కిలోబైట్ల మెమరీ. నేడు మనవలు ఫోనులో పంపే ఒక్క ఫోటో కూడా సాధారణంగా అందులో పట్టదు. నేను టైపు హయ్యరు పాసైనవాణ్ణి కదా అని లెక్కల మాస్టారు 1987 వేసవి సెలవుల్లో నన్ను దాని ముందు కూర్చోబెట్టారు. సిబ్బంది జాబితా తయారుచేసే ప్రోగ్రాము మేమిద్దరం కలిసి రాశాం.

టైపు మిషను మీద మీట కొడితే అక్షరం కాగితం మీద పడుతుంది, అంతటితో సరి. కంప్యూటరులో అలా కాదు. ప్రతి మీటకూ ఒక అంకె ఉంటుంది. పెద్ద ‘ఎ’కు 65, రిటర్ను మీటకు 13, డిలీటుకు 127. నొక్కిన మీట తాలూకు అంకె ముందుగా 32 బైట్ల చిన్న బఫరులో పడుతుంది. మన భాషలో అది ఇన్‌వర్డు తపాలు ట్రే. గుమాస్తాకు తీరిక దొరికేదాకా కాగితాలు వచ్చిన వరసలోనే అక్కడ ఉంటాయి.

బేసిక్ భాషలో పేరు తీసుకోవడానికి ‘ఇన్‌పుట్’ అనే ఆజ్ఞ ఉంది. కాని పేరు మధ్య కామా పడితే తర్వాతి భాగాన్ని అది వదిలేసేది. మా పట్టికలో గడి ఎంత ఉందో దానికి పట్టేది కాదు. “ఒక్కొక్క అక్షరం మనమే తీసుకుని చూసుకుందామయ్యా, అసెంబ్లీలో రాయి” అన్నారు మాస్టారు. ఆ మిషనులో ఒక సౌకర్యం ఉంది. బేసిక్ ప్రోగ్రాము మధ్యలోనే చదరపు కుండలీకరణాలు పెట్టి అసెంబ్లీ రాసుకోవచ్చు.

పని ఇలా సాగుతుంది. ఎఫ్ఎఫ్ఈ0 అనే చిరునామాలో ‘ఓఎస్ఆర్‌డీసీహెచ్’ అనే సిద్ధంగా ఉన్న చిన్న ప్రోగ్రాము ఉంది. దాన్ని పిలిస్తే ట్రేలోంచి ఒక అక్షరం తీసి ‘ఎ’ రిజిస్టరులో పెడుతుంది. ట్రే ఖాళీగా ఉంటే మీట నొక్కేదాకా వేచి ఉంటుంది. ఎస్కేప్ మీట నొక్కితే క్యారీ అనే జెండా ఎత్తి చెబుతుంది. ఇక వచ్చిన అక్షరాన్ని మనం పరీక్షించాలి. 13 అయితే పేరు పూర్తయినట్టు. 127 అయితే వెనకటి అక్షరం కొట్టివేయాలి. మామూలు అక్షరమైతే మెమరీలో దాచాలి, ‘వై’ రిజిస్టరులో లెక్క ఒకటి పెంచాలి, తెరమీద చూపించాలి. చూపించడం కూడా మన పనే. మనం చెప్పకపోతే తెర మీద ఏమీ కనబడదు.

మొదటి రోజే నా తప్పు బయటపడింది. ఒక్క అక్షరమైనా కొట్టకముందే డిలీటు నొక్కాను. లెక్క సున్నాలో ఉందో లేదో చూడమని నేను రాయలేదు. ఎనిమిది బిట్ల రిజిస్టరులో సున్నాలోంచి ఒకటి తీసేస్తే 255 అవుతుంది. ఇక ఏ మీట నొక్కినా గది నిండిపోయిందని బీప్‌మనడమే! ఖాళీ గదిని నిండిందంటోందని నవ్వుకుని, డిలీటుకు ముందు సున్నా పరీక్ష చేర్చాం.

రెండో తప్పు చూసి మాత్రం ఎవరూ నవ్వలేదు. లెక్క 20కి చేరగానే ఇక అక్షరాలు తీసుకోవద్దని, బీప్‌మనమని రాసింది నేనే. పట్టిక అందంగా రావాలని నా ఉబలాటం. మాటవరసకు వెంకట సత్యనారాయణ మూర్తి అనే పేరుంది. ఇంగ్లీషులో ఖాళీలతో కలిపి 28 అక్షరాలు. 20 దగ్గర ఆపితే ‘మూర్తి’ మొత్తం పోతుంది, ‘సత్యనారాయణ్’ మిగులుతుంది. మా స్కూలు అటెండరుదీ అంత పొడుగు పేరే. జాబితా చూసి, “అయ్యగారూ, నా పేరు సగమే వచ్చిందండీ” అన్నాడు. “కంప్యూటర్ అంతకంటే తీసుకోవడం లేదయ్యా” అన్నాను.

అది అబద్ధం. కంప్యూటరు కాదనలేదు. నేను రాసిన 20 కాదంది. ఆ అంకె మార్చి, మెమరీలో మరికొంత చోటు కేటాయించి, గడి వెడల్పు చేస్తే ఒక పూటలో అయిపోయే పని.

1991లో ఆయన రిటైరయ్యాడు. పింఛను కాగితాలకు ఆ జాబితా నకలు జతపడింది. సర్వీసు రిజిస్టరులో ఒక పేరు, జాబితాలో మరొక పేరు. ఇద్దరూ ఒకరేనని రుజువు చేయమని కాగితాలు తిరిగొచ్చాయి. ధ్రువీకరణల కోసం నేనూ ఆయన వెంట తిరిగాను. ఏడు నెలలు ఆ ఇంట్లో పింఛను లేదు. మొదటి పింఛను అందిన రోజున అరటిపళ్ల అత్తం పట్టుకొచ్చి, “నాకోసం చాలా తిరిగారండీ” అని దణ్ణం పెట్టాడు. ఆ 20 సంగతి చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆయన ఇప్పుడు లేడు. ఈ సభాముఖంగానే మొదటిసారి చెబుతున్నాను.

ఈమధ్య మా మనవడు తన లాప్‌టాప్‌లో ఆ పాత మిషనులా పనిచేసే ఎమ్యులేటరు పెట్టి ఇచ్చాడు. ఒక వరుస మొత్తం తీసుకునే ‘ఓఎస్‌వర్డ్ సున్నా’ అనే సదుపాయం అందులో మొదటినుంచీ ఉందని ఇప్పుడు తెలుసుకున్నాను. దానికి ఐదు బైట్ల చీటీ రాసివ్వాలి. మొదటి రెండు బైట్లు పేరు దాచే చోటు చిరునామా. మూడోది ఎన్ని అక్షరాలన్నది. చివరి రెండూ ఏ అంకె నుంచి ఏ అంకె దాకా ఒప్పుకోవాలన్నవి. ఆ మూడో బైటులో 40 వేసి, అటెండరు పూర్తి పేరు కొట్టాను. బీప్‌మనలేదు.

అందుచేత తమందరికీ మనవి. పి.పి.ఓ.లో, బ్యాంకు పుస్తకంలో, ఆధార్‌లో మీ పేరూ మీ జీవిత భాగస్వామి పేరూ ఒకే తీరుగా ఉన్నాయేమో ఈ వారమే పక్కపక్కన పెట్టి చూసుకోండి. రేపు కుటుంబ పింఛను వేళ ఇంట్లోవాళ్లు తిరగకుండా ఉంటారు. ఎవరైనా కంప్యూటర్ తీసుకోవడం లేదంటే కోపం తెచ్చుకోకండి, కాని వెనక్కి రాకండి. ఏ గడిలో తీసుకోవడం లేదు, ఎన్ని అక్షరాలు పడతాయి, మార్చే అధికారం ఎవరికి ఉంది అని అడిగి, జవాబు కాగితం మీద రాయించుకోండి. ఆ అంకె వేసింది ఎక్కడో నాలాంటి ఒక మనిషే. మనిషి వేసిన అంకెను మనిషి మార్చగలడు.