మొగదిషులో మళ్లీ సినిమా

సాయంత్రం సినిమాకి వెళ్లడం మనకు మామూలే కదా? సోమాలియా రాజధాని మొగదిషులో మాత్రం దానికోసం 30 ఏళ్లు ఆగారు.

1991లో ప్రభుత్వం కూలి, అంతర్యుద్ధం ముదిరాక అక్కడి నేషనల్ థియేటర్ మూతపడింది. 2012 మార్చిలో తెరిచారు. ఏప్రిల్ 4నే లోపల ఆత్మాహుతి దాడి జరిగింది! మళ్లీ బాగుచేశారు. చివరికి 2021 సెప్టెంబర్ 22 రాత్రి సినిమా పడింది. వేసినవి రెండు షార్ట్ ఫిల్మ్‌లే. టికెట్ 10 డాలర్లు, అక్కడ చాలామందికి అందని ధర. పైగా సెక్యూరిటీ చెకింగ్‌లు. అయినా జనం వచ్చారు.

యుద్ధం అయిపోయిందని కాదు, ఆ తర్వాత కూడా దాడులు జరిగాయి. కానీ రాత్రిపూట ఇల్లు దాటి, ముక్కూమొహం తెలియని వాళ్ల పక్కన చీకట్లో కూర్చోవాలంటే ఎంత ధైర్యం కావాలి? దేశం కోలుకుంటోందని చెప్పేది ఆ ధైర్యమే.

మీరేమంటారు? కామెంట్ చేయండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం!