విద్యార్థి చికిత్స, సీనియర్ కన్ను

మానసిక చికిత్స పుస్తకాలతో మాత్రమే వచ్చే విద్య కాదు. అనుభవజ్ఞుల పర్యవేక్షణలో రోగులను చూస్తూ నేర్చుకోవాలి. కర్ణాటక సరిహద్దులోని మన మడకశిరకు దగ్గరి పెద్ద శిక్షణ కేంద్రం బెంగళూరులోని నిమ్హాన్స్. దాని మాతృసంస్థ 1954లో ఏర్పడింది. మరుసటి ఏడే క్లినికల్ సైకాలజీ శిక్షణ మొదలైంది. తరువాత వచ్చిన ఎంఫిల్ కోర్సు రెండేళ్లది.

మడకశిర తల్లి ఒకామె తెలుగూ కన్నడమూ కలిపి "ఒళ్లంతా మంట, గుండె దడ" అన్నదనుకుందాం. కొత్త విద్యార్థి వెంటనే ధైర్యం చెబుతాడు. కేసు చర్చలో సీనియర్ అడుగుతారు: "థైరాయిడ్ పరీక్ష అయిందా? మంట మొదలైనప్పుడు ఇంట్లో ఏం జరిగింది? ఆమె మాట ఆపినప్పుడు నువ్వెందుకు అందుకున్నావు?" మూడో ప్రశ్నే అసలు పాఠం. రోగి మౌనాన్ని భరించడం ఏ పరీక్షలోనూ రాయించలేరు.

చిక్కు కూడా ఉంది. మార్కులు వేసేదీ ఆ సీనియరే అయితే విద్యార్థి పొరపాట్లు దాచుకుంటాడు. పర్యవేక్షణతో విద్యార్థి ఆత్మవిశ్వాసం, నైపుణ్యం పెరుగుతాయని పరిశోధనలు చెబుతున్నాయి. రోగికి నేరుగా ఎంత మేలన్నదానికి ఆధారాలు ఇంకా పలచనే.

చూసేది విద్యార్థి అయితే, పైన పర్యవేక్షించేదెవరో రోగి బంధువులు మొహమాటపడకుండా అడగాలి.