ధర్మసొత్తునకు తగిలిన షరతు



ఒకే భూమిపై రెండు పత్రములుండి, వాని షరతులు ఒకదానికొకటి విరుద్ధములైనచో, భూమి ఎంత మంచిదైనను కొనువాడు జంకుట మీరెఱిగినదే. కంప్యూటరు ప్రోగ్రాములకును ఇట్టి చిక్కు కలదు. నేడు దానిని గూర్చి ముచ్చటించెదను.

ప్రోగ్రామనగా యంత్రము చేయవలసిన పనిని మనుష్యుడు వ్రాసియిచ్చిన ఆజ్ఞల వరుస. ఆ వ్రాతకు కోడు అని పేరు. గ్రంథకర్తకు గ్రంథముపై నుండు హక్కే కోడు వ్రాసినవానికి దానిపై నుండును. అమెరికాదేశమున రిచర్డ్ స్టాల్‌మన్ అనునాయన ఆ హక్కునే ఆధారముగ జేసికొని, 1989లో జనరల్ పబ్లిక్ లైసెన్సు, అనగా జి.పి.ఎల్., అను పత్రమును వెలువరించెను. 1991లో దాని రెండవ కూర్పు వచ్చెను. ఈ కోడును ఎవరైనను వాడవచ్చును, మార్చవచ్చును, పంచవచ్చును, అమ్మవచ్చును గూడ. అయితే పంచునప్పుడు పుచ్చుకొనువానికి అవే హక్కులు నీయవలెను. తన వంతుగా క్రొత్త నిర్బంధమేదియు చేర్పరాదు. రెండు షరతులను ఒకేసారి పాటింప వీలుగానిచో అసలు పంచనే కూడదని అందలి 7వ ప్రకరణము చెప్పుచున్నది.

దీనివలని మేలు వర్డ్‌ప్రెస్ అను ప్రోగ్రాము చరిత్రయందు కానవచ్చును. పత్రికలు, దుకాణములు, పాఠశాలలు ఇంటర్నెట్టులో తమ పుటలు నడపుకొనుట కిది సాధనము. దీనికి పూర్వము బి2 అనునొకటి యుండెను. దాని కర్త మిషెల్ వాల్డ్రిగి పని నిలిపివేయగా, 2003లో మాట్ ములెన్‌వెగ్, మైక్ లిటిల్ అను నిరువురు ఆ కోడునే తీసికొని వర్డ్‌ప్రెస్‌ను ఆరంభించిరి. ఎవరిని బ్రతిమాలుకొనవలసిన యవసరమును లేకపోయెను. త్రవ్వించినవాడు తప్పుకొన్నను చెఱువు ఎండకుండుట యన నిదియే.

వర్డ్‌ప్రెస్‌కు ప్లగిన్లు అను అనుబంధములు వేలకొలది కలవు. దానితో అల్లుకొని పనిచేయునవి గావున వీనికిని జి.పి.ఎల్. వర్తించునని వర్డ్‌ప్రెస్ వారి మతము. బొమ్మను నొక్కగానే పెద్దదిగ తెఱచి చూపు ప్లగిన్ ఒకటి యనుకొనుడు. దాని కర్త అంతయు తానే వ్రాయడు. ఇతరుల కోడు తునకలను తెచ్చి కలుపుకొనును. అట్టి తునకలలో ఫ్యాన్సీబాక్స్ ప్రసిద్ధము. దాని మొదటి కూర్పున పేచీ లేదు. 2011లో వచ్చిన రెండవ కూర్పు మాత్రము వ్యాపారేతర కార్యములకు ఉచితము, వ్యాపారమునకైనచో సొమ్ము చెల్లింపవలెను అను షరతుతో వెలువడెను. కష్టపడినవాడు వర్తకుని నాలుగు రూకలడుగుట తప్పు గాదు. కాని జి.పి.ఎల్. వర్తకునికి గూడ పూర్తి హక్కు నీయుమనును. ఈ తునక వర్తకుని తొలగుమనును. రెంటిని కలిపి పంచిన ప్లగిన్ కర్త ఏ మాటను నిలుపుకొనగలడు?

ఇచ్చట పలువురు పొరబడుదురు. వ్యాపారము కూడదను మాట వినుటకు ధర్మబుద్ధిగ తోచును, జి.పి.ఎల్.తో తప్పక పొసగునని తలంతురు. పొసగదు. జి.పి.ఎల్. వ్యాపారమును నిషేధింపలేదు, పంచిపెట్టినదాని లోగుట్టు దాచుటను నిషేధించినది. పైగా వ్యాపారమనగా నేది? జీతములు పుచ్చుకొను పాఠశాలయా? ప్రకటనలు వేసికొను పత్రికయా? ప్రసాదమును వెలకిచ్చు దేవాలయమా? ఈ మాటకు జనులెట్టి యర్థము చెప్పుకొనుచున్నారో విచారించి క్రియేటివ్ కామన్స్ సంస్థ 2009లో ఒక నివేదికనే ప్రకటింపవలసి వచ్చెను.

కర్త తన యింట తాను వాడుకొన్నంతవఱకు జి.పి.ఎల్. అడ్డుపడదు, మఱియొకని చేత పెట్టినప్పుడే చిక్కు. ఉచితమని నమ్మి తన దుకాణపు పుటలో దానిని పెట్టుకొన్న చిన్న వర్తకుడు, తానెఱుగని షరతును మీరినవాడగును. అందుచేతనే వర్డ్‌ప్రెస్ వారు తమ ప్లగిన్ల భాండారమున లోపలి తునకలు, బొమ్మలు సైతము జి.పి.ఎల్.తో పొసగునవి గావలెనని నియమము పెట్టిరి.

తునక యజమానిని అనుమతి యడుగవచ్చును గదా యందురు. అడుగవచ్చును; కాని ఆ యనుమతి ప్లగిన్ కర్త కొక్కనికే యైనచో చాలదు, అతనినుండి పుచ్చుకొను ప్రతివానికిని చెందవలెను. పేచీలేని పాత కూర్పునకు మరలుట సులభమార్గము. తునకను చేర్పక, కావలసినవారే తెచ్చుకొనుడని చెప్పుట మఱియొకటి. అది పంచువాని చిక్కు తీర్చినను వర్తకుని బాకీ తీర్పదు.

అనుబంధము అసలుదానిలో భాగమా, వేఱు సొత్తా యను వాదము 2010లో తీవ్రమాయెను. పుటల రూపు దిద్దు అనుబంధమునకు థీము అని పేరు. క్రిస్ పియర్సన్ అనునాయన థీసిస్ అను థీమును స్వంత షరతులతో అమ్ముచుండగా, దానికిని జి.పి.ఎల్. వర్తించునని ములెన్‌వెగ్ పట్టుబట్టెను. వ్యాజ్యము వఱకు మాట వచ్చెను. తుదకు ఆ జూలైలో పియర్సన్ ముఖ్యమైన కోడును జి.పి.ఎల్. క్రిందికి విడిచి, బొమ్మలను, అలంకారభాగమును తన యధీనమున నుంచుకొనెను. న్యాయస్థానము తీర్పు చెప్పు నవసరము కలుగలేదు. ఒరుల గోడపై దూలము మోపినవాడు ఆ గోడతో నాకు పనిలేదనుట చెల్లదని నా యభిప్రాయము.

ఇక ఫ్యాన్సీబాక్స్ సంగతి. 2017లో మూడవ కూర్పు వెలువడినప్పుడు వ్యాపారేతరమను మాట తొలగెను. జి.పి.ఎల్. మూడవ కూర్పు నంగీకరించువారికి ఉచితము; తమ కోడును మూసియుంచుకొనగోరు వారికి వెల. వర్డ్‌ప్రెస్ పత్రమున రెండవ కూర్పు గాని తరువాతిది గాని అని యుండుటచే, ఆ రెంటికిని పొత్తు కుదిరెను.