పికప్ బండికి చేతి గేర్లు మార్చుకోవచ్చునా?



వైశాఖం వచ్చిందంటే మన హనుమాన్ జంక్షన్‌లో నిలబడిన మనిషికి మామిడికాయ సొన వాసన తగలకుండా ఉండదు. నూజివీడు రోడ్డున దిగివచ్చిన చిన్నరసాలు, బంగినపల్లి కాయ ఇక్కడే కలకత్తా రహదారి ఎక్కుతాయి. పూర్వం రెండెడ్ల బండి మీద పోయిన సరుకు ఇప్పుడు పికప్ బండ్ల మీద పోతున్నది. ఎద్దు కుంటితే మనకు తెలుస్తుంది, పసరు మందు వేస్తాము. బండి లోపల ఏది కుంటిందో తెలియక డబ్బు పోసుకుంటున్నాము. ఈవేళ మీతో ముచ్చటించదలచిన సంగతి అదే.

మన తోటల్లో తిరిగే బొలెరో పికప్పులు, టాటా ఏస్‌లు, దోస్త్ బండ్లు దాదాపుగా అన్నీ చేతి గేర్లవే. అయితే ఈ మధ్య కొందరు రైతులు తమంత తాము గేరు మార్చుకునే బండ్లు, అంటే ఆటోమేటిక్ పికప్పులు, సెకండ్ హ్యాండులో కొంటున్నారు. ఇసుజు కంపెనీవారు 2016లో మన రాష్ట్రంలోనే, శ్రీసిటీలో కర్మాగారం తెరిచారు గదా, వారి వి-క్రాస్ బండిలో రెండు రకాలూ వచ్చాయి. టయోటా హైలక్స్ కూడా అటువంటిదే. పట్నంలో షికారుకు వాడిన బండి చవకగా వచ్చిందని తెచ్చి తోటలో దించుతారు. రెండేళ్లకు గేర్‌బాక్స్ మొరాయిస్తుంది. అప్పుడు పక్కనున్న నలుగురూ ఒకే మాట అంటారు: "ఆ పెట్టె పీకి పారేసి చేతి గేర్లది వేయించవయ్యా!"

మా బంధువు ఒకాయనకు ఇదే జరిగింది. నలభై క్రేట్ల రసాలు ఎక్కించి తోటలోంచి గట్టు ఎక్కబోతే ఇంజను అరుస్తున్నది గాని బండి కదలదు. ఎనిమిది వందల కిలోల కాయ, ఎండ చూస్తే నెత్తిన మండుతున్నది. పక్క తోటవారి ట్రాక్టరు అడిగి తెచ్చేసరికి మధ్యాహ్నం దాటింది, ఆనాటి బేరం పోయింది. ఊళ్లో మేస్త్రీ చూసి గేర్‌బాక్స్ అయిపోయిందన్నాడు. ఆయన పాత చేతి గేర్‌బాక్స్‌కు బయానా ఇవ్వడానికి కూడా సిద్ధపడ్డాడు. ఎవరో చెబితే ఆగి, బండిని విజయవాడ ఆటోనగర్ పట్టించుకుపోయాడు. అక్కడి మెకానిక్ ముందు చేసిన పని ఆయిలు చూడటం. సగానికి సగం లేదు! రేడియేటరు దగ్గర ఆయిలు చల్లబరచే గొట్టం చెమ్మగిల్లి, చుక్క చుక్కగా కారిపోయింది. గొట్టం మార్చి ఆయిలు పోస్తే బండి నడిచింది. తొందరగా కనిపెట్టాడు గనుక బతికిపోయాడు. అదే బలవంతాన ఇంకో నాలుగు లోడ్లు లాగి ఉంటే లోపలి ప్లేట్లు మాడిపోయేవి.

దీనికి కారణం చెబుతాను. చేతి గేర్ల బండిలో ఇంజనుకూ గేర్లకూ మధ్య క్లచ్ ప్లేటు ఉంటుంది. కాలు తీస్తే పట్టుకుంటుంది, తొక్కితే వదులుతుంది. ఆటోమేటిక్‌లో ఆ చోట టార్క్ కన్వర్టర్ అనే గుండ్రటి డబ్బా ఉంటుంది. దానిలో రెండు పంకాలు, మధ్యన ఆయిలు. ఒక పంకా తిరిగి ఆయిలును విసిరితే, ఆ ఊపుకు రెండవది తిరుగుతుంది. ఒక ఫ్యాను గాలికి ఎదుటి ఫ్యాను తిరిగినట్లే అనుకోండి. గేర్లు పట్టించే ప్లేట్లను నొక్కేది కూడా ఆ ఆయిలే. కనుక ఆయిలు తగ్గితే సత్తువే లేదు. నడిపే తీరు కూడా చూసుకోవాలి. బరువుతో, బురదలో, అడుగు అడుగుగా నడిపితే పంకాల మధ్య జారుడు ఎక్కువై ఆయిలు కాగిపోతుంది. రహదారి మీద హాయిగా పోయే బండి తోటలో ఎందుకు అలిగిందో దీన్నిబట్టి తెలుస్తుంది.

అందుచేత ముందు ఆయిలు చూపించండి. మంచి ఆయిలు సాధారణంగా ఎర్రగా ఉంటుంది. నల్లబడి మాడు వాసన వేస్తే లోపల ప్లేట్లు తిన్నట్లు లెక్క. చాలా బండ్లలో కొలపుల్ల ఉండదు. బండిని సమంగా నిలబెట్టి, ఇంజను నడుస్తుండగా, కంపెనీ చెప్పిన వేడి దగ్గర అడుగునుంచి చూడాలి. ఇది ఇంట్లో చేసుకునే పని కాదు. ఆయిలు కూడా కంపెనీ చెప్పిన రకమే పోయించండి, డబ్బాలో మిగిలిందల్లా కాదు.

సరే, గేర్‌బాక్స్ నిజంగానే పోయిందనుకుందాం. చేతి గేర్లు వేయించవచ్చునా? యంత్రం మాటకొస్తే, వేయించవచ్చు. కాని గేర్‌బాక్స్ ఒక్కటి తెస్తే చాలుననుకోవడం పొరపాటు. ఆటోమేటిక్ ఇంజను వెనుక ఉండేది పలచని రేకు బిళ్ళ. దాన్ని తీసి బరువైన ఫ్లైవీల్ బిగించాలి. క్రాంక్ షాఫ్ట్ చివర పైలట్ బేరింగు కావాలి. క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు కొత్తవే వేయాలి. పాతవి వేసి మళ్ళీ గేర్‌బాక్స్ దించేకంటే అది చవక. క్యాబిన్‌లో మూడో పెడలు, దాని సిలిండర్లు రెండు, గేరు రాడ్డుకు నేలలో కంత కావాలి. గేర్‌బాక్స్ పొడవు మారితే అడుగు దిమ్మ, ప్రొపెల్లర్ షాఫ్ట్ కూడా మారుతాయి. ఇన్ని చేశాక బండి స్టార్టు కాకపోవచ్చు! ఆటోమేటిక్ బండి న్యూట్రల్‌లో ఉన్నట్టు వార్త అందితే తప్ప సెల్ఫ్ తిరగదు. రివర్సు లైటు, స్పీడు మీటరు కూడా ఆ తీగల మీదే ఆధారపడతాయి. 2020 ఏప్రిల్ తరువాతి బి.ఎస్. 6 బండ్లలో ఇంజను కంప్యూటరు గేర్‌బాక్స్ కంప్యూటరుతో క్షణక్షణం మాట్లాడుతుంది. ఒకరు జవాబు చెప్పకపోతే రెండవది సగం బలం మీదనే నడుస్తుంది.

కనుక ఈ పని కుదిరేది ఒకే పద్ధతిలో. అదే మోడలు, అదే ఇంజను గల చేతి గేర్ల బండి, ప్రమాదంలో పోయినది, మొత్తంగా దొరకాలి. దానినుంచి ఫ్లైవీల్ మొదలు పెడలు దాకా, కంప్యూటరు, తీగల కట్ట సహా తెచ్చుకోవాలి. విడివిడిగా ఏరుకొని తెస్తే ప్రతి బోల్టుకూ ఆటోనగర్ తిరగవలసిందే. అది కోతలు ముగిశాక, ఆషాఢంలో పెట్టుకోవలసిన పని. కాయ చెట్టు మీద ఉండగా కాదు.

చట్టం మాట కూడా వినండి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు చెప్పిన వివరాలకు ఆర్.సి.లోని వివరాలు భిన్నమయ్యేలా బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సెక్షనును గట్టిగానే చెప్పింది. అనుమతిలేని మార్పుకు, మార్పు ఒక్కింటికి ఐదు వేల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని ఉన్నాయి. కాబట్టి స్పానరు పట్టకముందే రవాణా శాఖ ఆఫీసులో దరఖాస్తు ఇచ్చి, జవాబు కాగితం మీద తీసుకోండి. "ఏం కాదులే" అన్న నోటిమాట ప్రమాదం జరిగిననాడు అక్కరకు రాదు. 2022 ఏప్రిల్‌లో నూజివీడు ఏలూరు జిల్లాలో చేరింది. జంక్షన్ కృష్ణాలోనే ఉండిపోయింది. మీ ఆర్.సి. ఏ ఆఫీసు కిందకు వస్తుందో ముందు చూసుకొని మరీ వెళ్ళండి. బీమా కంపెనీకి కూడా వ్రాసి తెలియజేయాలి.

నా అభిప్రాయం అడిగితే, మూడు ధరలు కాగితం మీద వ్రాయించండి. ఉన్న ఆటోమేటిక్‌ను విప్పి బాగుచేయడానికెంత, చేతి గేర్లు వేయడానికి తీగల పనితో సహా ఎంత, ఈ బండిని ఉన్నదున్నట్లు అమ్మి మామూలు పికప్ కొనడానికి పైన ఎంత పడుతుంది. కాయ తోలడమే పనిగా పెట్టుకున్నవారికి చాలాసార్లు మూడవదే తేలుతుంది. పైగా సొంతవాడకం తెల్ల నంబరు బండితో ఇరుగుపొరుగు కాయను కిరాయికి తోలరాదు. పసుపు నంబరు బండికి ఆ బెడద లేదు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవారు, లోడు కాక మనుషులతో తిరిగేవారు మాత్రం ఆటోమేటిక్‌ను బాగుచేయించుకోవడమే మేలు. దానిమీద నాకేమీ కోపం లేదు.

ఎవరైనా అనుమతి తెచ్చుకొని మార్పించుకుంటే, మొదట ఐదు వందల కిలోమీటర్లు బరువు వేయకండి, కొత్త క్లచ్ సర్దుకోవాలి. గట్టు ఎక్కేటప్పుడు సగం క్లచ్ మీద బండిని ఆపి ఉంచకండి, హ్యాండు బ్రేకు వాడండి. క్లచ్ జర్కులిస్తే అడుగు వరుస రసాలకు దెబ్బ తగులుతుంది. ఆ దెబ్బ తోటలో కనపడదు, మూడోనాడు మార్కెట్టులో నల్లగా తేలుతుంది.