ఎరువు తెచ్చిన సాఫ్ట్‌వేర్

ఎరువు సొమ్ము బరువు చేటని మన పెద్దలు చెప్పుదురు. సాఫ్ట్‌వేర్ నిర్మాతలకు ఈ సామెత నిత్యానుభవము. బ్యాంకి ఖాతాలు చూపునది కానిండు, రైలు టిక్కెట్లు ఇచ్చునది కానిండు, నేటి ప్రోగ్రాములు చాలవరకు ఒక్క సంస్థవారే వ్రాసినవి కావు. తేదీలు లెక్కించుటకు, చిత్రములు చూపుటకు, జరిగిన పనులకు చిట్టా వ్రాయుటకు ఇతరులు సిద్ధపరచిన భాగములను తెచ్చి కూర్చుదురు. అట్టి భాగమునకు క్రొత్త కూర్పు వచ్చినపుడు, నిన్నటివరకు సరిగా నడచిన పనులు నేడును నడచుచున్నవా అని మరల చూడవలెను. దీనిని రిగ్రెషన్ టెస్టింగ్ అందురు. మనము పునఃపరీక్ష అనుకొందము.

అన్నిటిని పరీక్షింపబూనిన వారములు పట్టును. పరీక్షింపక మార్చిన, నడచుచున్న పని చెడవచ్చును. జడిసి మార్పునే మానుకొన్నచో ముప్పు వచ్చును. 2021 డిసెంబరులో ఈ సంగతి లోకమునకు తెలిసివచ్చెను. జావా ప్రోగ్రాములలో చిట్టా వ్రాయు లాగ్‌ఫోర్‌జె అను భాగమున ఒక లోపము బయటపడెను. దురుద్దేశముతో కూర్చిన ఒక అక్షరముల వరుస చిట్టాలోనికి చేరిన చాలును. ఎచ్చటనో ఉన్న దుండగుడు ఆ కంప్యూటరుచే తన ఆజ్ఞలను చేయించుకొనగలడు. దిద్దిన కూర్పు 2.15.0 వచ్చెను. అదియు చాలక 2.16.0, 2.17.0, 2.17.1 వెలువడెను. ఒక్క నెలలో నాలుగు కూర్పులు! ప్రతిసారియు సమస్తమును పరీక్షింతుమనిన ఎట్లు తెమలును?

శ్రమ తగ్గించు మార్గములు నాలుగు కలవు. మొదటిది, ఇంటికి ఒకే వాకిలి. ఎరువు భాగమును ప్రోగ్రాము నలుమూలలనుండి నేరుగా పిలువక, మనము వ్రాసిన ఒక మధ్యవర్తి భాగము ద్వారానే పిలువవలెను. అప్పుడు మార్పు తాకుచోటు తెలియును. రెండవది, ఆ వాకిట మనమడుగు ప్రశ్నలను, రావలసిన సమాధానములను వ్రాసియుంచి, పాత కూర్పును క్రొత్త కూర్పును కంప్యూటరే ప్రశ్నించి తేడాలు చూపునట్లు చేయవలెను. తప్పు ప్రశ్నలను గూడ చేర్చవలెను. మార్పులు తరచు అచ్చటనే దాగియుండును.

మూడవది, విడుదల పత్రమును చదువుట. కూర్పు సంఖ్యలో మొదటి అంకె మారిన పెద్దమార్పు, చివరిది మారిన చిన్న దిద్దుబాటు అని ఒక ఆచారము కలదు. అది మాటయే గాని హామీ కాదు. 2.16.0లో మారినది నడిమి అంకెయే. అయినను చిట్టా వాక్యములలోని సంకేతములను విప్పు సౌకర్యమునే తొలగించిరి. పత్రము చదివినవారు ఆ సౌకర్యమును తాము వాడుచున్నారో లేదో చూచుకొని, అచ్చటనే ఎక్కువగా పరీక్షింపగలరు. నాల్గవది, ఒక్కసారి ఒక్క భాగమునే, ఆలస్యము చేయక మార్చుట. ఐదేండ్ల మార్పులు ఒక్కమారు తెచ్చుకొన్నచో, ఏది చెడినను దేనివలన చెడినదో తెలియదు.

ఇన్ని చేసినను, డబ్బు కట్టుట, రసీదు పొందుట వంటి ముఖ్యమైన పనులను మొదటినుండి తుదివరకు నడిపి చూడక తప్పదు. పరీక్ష మానుడని మేము చెప్పుట లేదు. ఎచ్చట చూడవలెనో ముందుగా నిర్ణయించుకొనుడనుచున్నాము. లోపమున్నదని తెలిసిన భాగమును మార్చుటకు నెల పట్టినచో, ఆ నెల దినములును తలుపు తెరచి నిద్రించినట్లే.