ఉద్యోగంలో చేరి యాభై ఏండ్లు: పెరిగినదేమిటి?

(పెన్షనర్ల దినోత్సవ సందర్భంగా 2024 డిసెంబరు 17న తిరుపతిలో మన సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను 1974లో చిత్తూరులో ఎల్.డి. క్లర్కుగా చేరి, 2009లో సూపరింటెండెంటుగా రిటైరైనాను. చేరి యాభై ఏండ్లు నిండినవి గనుక, ఇన్నేండ్లలో ఏం సాధించినానో నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు ఆదేశించినారు. ఆ లెక్క నా సర్వీసు రిజిస్టరు తెరిస్తే పది నిమిషాల్లో తేలిపోతుంది. ఏ తేదీన చేరినాడు, ఏ డిపార్టుమెంటల్ టెస్టు ఎప్పుడు పాసైనాడు, ఇంక్రిమెంటు ఎంత, ఆర్జిత సెలవు ఎంత మిగిలింది, అన్నీ అందులో ఉంటాయి. అందులో రాయనిది ఒకటుంది. మనిషిగా మనం పెరిగినామా లేదా అన్నది. ఆ సంగతే ఈ రోజు మీతో మనవి చేసుకుంటాను.

మనవి మద్రాసు రాష్ట్రం నాటి పద్ధతులు గల ఆఫీసులు. టాటెన్‌హామ్ పద్ధతి అంటే ఇక్కడ కూర్చున్నవారికి వివరించనక్కరలేదు. పిల్లల కోసం చెబుతాను. వచ్చిన తపాలుకు నంబరు వేసి, డిస్ట్రిబ్యూషన్ రిజిస్టరులో ఎక్కించి, సంబంధించిన గుమాస్తాకు ఇస్తారు. అతడు దానిని తన పర్సనల్ రిజిస్టరులో రాసుకొని, నోటు పెట్టి, డ్రాఫ్టు వేసి, జవాబు పోయేదాకా బాధ్యుడు. చేరిన కొత్తలో నాకు అది వట్టి నంబర్ల ఆట మాదిరి కనిపించేది. మా హెడ్ క్లర్కు గారు ఒకనాడు నా రిజిస్టరు ముందర పెట్టుకొని, "నాయనా, ఈ నంబరు నీకు ఒక వరుస. కుప్పం నుంచి వచ్చిన మనిషికి రానూ పోనూ బస్సు చార్జీ, ఒక దినం కూలి. రేపు రమ్మనే ముందు ఆ రెండూ కూడి చూడు" అన్నారు. నా ఉద్యోగంలో నేను పాసైన మొదటి టెస్టు అదేనని నా నమ్మకం. దానికి సర్టిఫికెట్టు లేదు.

నేను చేరిన 1974లోనే మన రాష్ట్రంలో అధికార భాషా సంఘం ఏర్పడింది. వావిలాల గోపాలకృష్ణయ్య గారు దాని తొలి అధ్యక్షులు. అంతకుముందు 1966లోనే అధికార భాషా చట్టం వచ్చినా, మా చేతులకు ఇంగ్లీషు డ్రాఫ్టే అలవాటు. తెలుగులో జవాబు రాయాలంటే కలం ఆగిపోయేది. "మీ అర్జీ పరిశీలనలో ఉన్నది" అని రాస్తే చదివినవాడికి ఏం తెలుస్తుంది? "మీరు ఫలానా కాగితం జత చేయలేదు, అది పంపితే పని జరుగుతుంది" అని రాయడం నేర్చుకొనేసరికి నాకు కొన్నేండ్లు పట్టింది. ఆ రెండు వాక్యాల మధ్య దూరమే గుమాస్తా ఎదుగుదల అని ఇప్పుడు అనిపిస్తుంది.

తరువాత వచ్చిన మార్పులు మీరూ చూసినారు. 1983లో రిటైర్మెంటు వయసు 58 నుంచి 55కు తగ్గించినారు. తరువాత మళ్లీ 58 చేసినారు గానీ, ఆ ఫిబ్రవరి నెలాఖరున మా ఆఫీసులో పెద్దవారు ఒక్కసారిగా లేచిపోయినప్పుడు కుర్చీలు బోసిపోయినాయి. మాకు పని నేర్పినవారి పెన్షను కాగితాలు మేమే తయారు చేయవలసి వచ్చింది. వారి సర్వీసు రిజిస్టర్లు తిరగేస్తుంటే ఒక సంగతి తెలిసింది. ముప్పై ఏండ్లు ఊరందరి ఫైళ్లు చక్కబెట్టినవారి సొంత పుస్తకంలో నామినేషను ఉండదు. భార్య పేరు ఒకచోట పుట్టింటి పేరు, ఇంకొకచోట పిలుపు పేరు. 1984 జనవరిలో వంశపారంపర్య గ్రామాధికారుల వ్యవస్థ పోయింది. 1985 మే 25న మండలాలు వచ్చినాయి. తాలూకా కచేరీ రికార్డులు కట్టలు కట్టలుగా పంచుకున్నాము. బోర్డులు మారినా, బయట బెంచీ మీద కూర్చున్న మనిషి మారలేదు.

ఈ దినానికి ఒక కారణముంది. 1982 డిసెంబరు 17న సుప్రీం కోర్టు నకారా కేసులో తీర్పు ఇచ్చింది. పెన్షను ప్రభుత్వం దయ తలచి ఇచ్చే బహుమానం కాదు, చేసిన సేవకు దక్కే హక్కు అని చెప్పింది. ఫలానా తేదీకి ముందు రిటైరైనవారు, తరువాత రిటైరైనవారు అని పెన్షనర్లను రెండుగా విడదీయడం చెల్లదన్నది. ఆ అయిదుగురు న్యాయమూర్తుల్లో మన తెలుగువారు జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి గారు ఒకరు. అయితే హక్కు తనంత తాను నడిచి ఇంటికి రాదు. కాగితం మీద ఎక్కి వస్తుంది. ఆ కాగితం సరిగా ఉండాలి.

మన సభ్యులొకరు కొన్నేండ్ల కిందట కాలం చేసినారు. దినాలు అయిన తరువాత ఆయన భార్య ఒక గుడ్డ సంచి నిండా కాగితాలు తెచ్చి సంఘం ఆఫీసులో బల్ల మీద పెట్టి, "ఏది ముఖ్యమో ఏది కాదో నాకు తెలీదన్నా, ఆయన ఉన్నన్నాళ్లూ చూడనక్కరలేకపోయింది" అన్నది. కరెంటు బిల్లులు, పెళ్లి పత్రికలు, వాటి మధ్య పి.పి.ఓ. అందులో ఆమె పుట్టినతేదీ లేదు. వయసు పెరిగేకొద్దీ వచ్చే అదనపు పెన్షనుకు ఆ తేదీ కావాలి. ముగ్గురం కూర్చొని ఒక్కొక్క కాగితం విడదీసి, ఏది దేనికో ఆమె చేతనే అట్టల మీద రాయించినాము. పని పూర్తయింది. ఆమె అంతటితో ఆగలేదు. ఇప్పుడు మంగళవారం మంగళవారం వచ్చి, కొత్తగా వచ్చిన ఆడవాళ్లకు దరఖాస్తులు నింపి పెడుతున్నది. అనుమానం వస్తే నన్ను అడుగుతుంది. ఒక్కోసారి నేనే ఆమెను అడుగుతున్నాను. నాకు యాభై ఏండ్ల అనుభవం ఉందని చెప్పుకుంటే, ఆమె మూడేండ్లలో ఆ దూరం నడిచింది.

అందుచేత సభ్యులకు నా విన్నపం ఇంతే. ఈ వారంలో ఒక సాయంత్రం బీరువా తెరిచి మీ పి.పి.ఓ. తీయండి. భార్య లేక భర్త పేరు, పుట్టినతేదీ ఆధార్‌లో ఉన్నట్లే ఉన్నాయా చూడండి. లేకపోతే మనమున్నప్పుడే సరిదిద్దించుకోవడం సులువు. బ్యాంకు పుస్తకం, ట్రెజరీ కాగితం, ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్టు రసీదు ఒకే ఫైలులో పెట్టి, ఇంట్లోవారిని పక్కన కూర్చోబెట్టుకొని చూపండి. ఊరందరికీ నోటు పెట్టినవాళ్లం, ఇంటికి ఒక నోటు పెట్టలేమా? చేతనైనవారు మంగళవారం సంఘం ఆఫీసుకు రండి. కుర్చీలు ఉన్నాయి, పని ఉంది.